మీటరు చూపేది, మనం చూడనిది

(ఎం.ఎస్సీ. రసాయన శాస్త్రం, ద్వితీయ సంవత్సరం విద్యార్థి)



హాస్టల్ వార్షికోత్సవ సంచికలో మద్యం మీద వ్యాసం రావడం కొత్తేమీ కాదు. "మద్యం మహమ్మారి" అని ఒక శీర్షిక, పక్కన సీసా బొమ్మ, కింద నాలుగు నీతి వాక్యాలు. చదివి "నిజమే కదా" అనుకుని పేజీ తిప్పేస్తాం. ఆ రాత్రే ఎవరి పుట్టినరోజో అయితే ఆ నీతి వాక్యాల మాట ఎవరికీ గుర్తుండదు. నీతి చెప్పినవాడి మీద జోకు కూడా పేలుతుంది. అందుకే ఈసారి నేను నీతి చెప్పదలచుకోలేదు. ఒక అంకె గురించి చెప్పదలచుకున్నాను. ఆ అంకె 30.

మోటారు వాహనాల చట్టం, 1988లో 185వ సెక్షన్ ఉంది. నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉండగా బండి నడిపితే అది నేరం అని ఆ సెక్షన్ చెబుతుంది. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు, లేదా పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారి అయితే రెండేళ్ల వరకు జైలు, పదిహేను వేలు. అంతకు ముందు మొదటిసారి జరిమానా రెండు వేలే ఉండేది.

ఈ అంకె అన్ని దేశాల్లో ఒకటి కాదు. ఇంగ్లండులో 80. స్కాట్లండులో 2014 నుంచి 50. జర్మనీలో 50. స్వీడన్‌లో 20. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాల్లో 80. అంటే ఈ విషయంలో మన చట్టం చాలా దేశాల చట్టాలకన్నా గట్టిది. చట్టం ఇంత గట్టిగా ఉన్నా మన రోడ్లు ఎందుకు ఇలా ఉన్నాయి? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే మీటరు ఏం చూపుతుందో, మనం ఏం చూడకుండా వదిలేస్తున్నామో తెలుస్తుంది.

ఊపిరిలో రక్తం సంగతి ఎలా తెలుస్తుంది?

రాత్రి చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్ గొట్టం నోటి దగ్గర పెట్టి "ఊదు" అంటాడు. నోటి వాసన చూస్తున్నాడని చాలామంది అనుకుంటారు. యాలకులు నమిలితే, పాన్ వేసుకుంటే తప్పించుకోవచ్చని కూడా అనుకుంటారు. అది వట్టి భ్రమ. మనం తాగిన ఆల్కహాలులో కొంత కడుపులోనూ, ఎక్కువ భాగం చిన్న పేగులోనూ రక్తంలో కలుస్తుంది. ఆ రక్తం ఊపిరితిత్తులకు వెళ్లినప్పుడు అందులోని ఆల్కహాలు కొంత ఆవిరై గాలిలోకి వస్తుంది. రక్తంలో ఎంత ఉంటే గాలిలోకి అంత లెక్క ప్రకారం వస్తుంది. సుమారు 2100 మిల్లీలీటర్ల ఊపిరిలో ఉండే ఆల్కహాలు ఒక మిల్లీలీటరు రక్తంలో ఉండే ఆల్కహాలుకు సమానమని లెక్క కట్టారు. మీటరులోని ప్లాటినం పలకల మీద ఆ ఆల్కహాలు ఆక్సీకరణం చెంది చిన్న విద్యుత్ ప్రవాహం పుడుతుంది. ఆ ప్రవాహమే తెరమీద అంకె అవుతుంది. ఊపిరి లోపలి నుంచి వస్తుంది. యాలకులు నోటిదాకానే ఉంటాయి.

1954లో అమెరికాలో రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ అనే ఆయన ఇలాంటి పరికరాన్ని తయారు చేశాడు. పోలీసు శాఖలో పనిచేసిన మనిషి. అంతకు ముందు తాగాడో లేదో తేల్చాలంటే నడక చూడాలి, మాట చూడాలి, వాసన చూడాలి. అవన్నీ చూసేవాడి ఇష్టాయిష్టాల మీద ఆధారపడేవి. పేదవాడు తూలితే తాగాడంటారు, పెద్దవాడు తూలితే ఒంట్లో బాగోలేదంటారు. మన సుప్రీంకోర్టు కూడా 1971లో ఒక కేసులో, వాసన వచ్చినంత మాత్రాన మత్తులో ఉన్నాడని తేల్చలేమని చెప్పింది. మీటరుకు కులం తెలియదు, డబ్బు తెలియదు, ఎదుటివాడి కారు ఖరీదు తెలియదు. ఆ ఒక్క కారణం చేత నాకు ఆ మీటరంటే గౌరవం.

పెగ్గు లెక్క, క్వార్టర్ లెక్క

స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విడ్‌మార్క్ 1930లలోనే ఒక సూత్రం ఇచ్చాడు. తాగిన ఆల్కహాలు గ్రాములను మనిషి బరువుతోనూ, ఆ బరువులో ఆల్కహాలు కలిసే భాగంతోనూ భాగించాలి. మగవాళ్లలో ఆ భాగం సుమారు 0.68, ఆడవాళ్లలో సుమారు 0.55. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీ సీసా మీద 42.8 శాతం అని రాసి ఉంటుంది. ఒక మిల్లీలీటరు ఆల్కహాలు బరువు 0.79 గ్రాములు. ఇక కూడికలు, భాగహారాలు మనమే చేసుకోవచ్చు.

అరవై కిలోల బరువున్న మగవాణ్ణి తీసుకుందాం. మన హాస్టల్లో చాలామంది అంతే ఉంటాం. అరవై మిల్లీలీటర్ల పెగ్గు ఒకటి తాగితే ఇరవై గ్రాముల ఆల్కహాలు. ఖాళీ కడుపు మీద అయితే మీటరు 50 దాకా వెళ్లగలదు. నైంటీ అయితే 75. క్వార్టర్ అయితే 150. స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా, ఎనిమిది శాతంది, ఒకటి తాగితే 100. "బీరే కదా, నీళ్లతో సమానం" అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి. ఒక స్ట్రాంగ్ బీరు రెండు పెద్ద పెగ్గులతో సమానం. భోజనం చేసి తాగితే ఇవి కొంత తగ్గుతాయి, మనిషిని బట్టి కూడా అటూ ఇటూ అవుతాయి. కానీ "ఒక్క పెగ్గుకి ఏం కాదులే" అనే మాట మాత్రం ఏ లెక్కలోనూ నిలబడదు. ఒక్క పెగ్గుకే గీత దాటవచ్చు.

ఎక్కడం సంగతి ఇది. దిగడం సంగతి ఇంతకన్నా ముఖ్యం. మన మెస్‌లో ఎంతమంది వరసలో నిలబడినా వడ్డించే గరిటె ఒక్కటే. వార్డెన్ గారు వచ్చి తొందరపెట్టినా ఆ గరిటె వేగం మారదు. మన కాలేయం కూడా అంతే. గంటకు సుమారు 15 చొప్పున మాత్రమే ఆల్కహాలును కరిగిస్తుంది. మజ్జిగ తాగినా, నిమ్మరసం తాగినా, బ్లాక్ కాఫీ తాగినా, చన్నీళ్లు నెత్తిన కుమ్మరించుకున్నా ఆ గరిటె వేగం పెరగదు. నిద్రపోయినా పెరగదు. దీనికి మందు ఒక్కటే, కాలం.

ఇప్పుడు ఈ లెక్కను పట్టుకుని కృష్ణానగర్ వెళ్దాం.

తెల్లవారుజాము అయిదు గంటలు

మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. నాకంటే ముందు మా ఇంటి నుంచి హైదరాబాదు వచ్చినవాడు మా మేనమామ. చదువు కోసం కాదు, సినిమాల్లో లైట్లు మోయడానికి. ఇరవై ఏళ్లుగా కృష్ణానగర్‌లో ఒక గదిలో మరో ముగ్గురితో కలిసి ఉంటున్నాడు. సెలవుల్లో నేను అక్కడికే వెళ్తాను. అందుకే ఈ మాటలు పుస్తకంలో చదివి రాస్తున్నవి కావు.

తెరమీద మనం చూసే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వేరు. ఆ కొండ దిగువన ఉన్న కృష్ణానగర్, ఇందిరానగర్ సందులు వేరు. లైట్‌మన్లు, జూనియర్ ఆర్టిస్టులు, మేకప్ అసిస్టెంట్లు, ప్రొడక్షన్ బాయ్‌లు, డ్రైవర్లు, ఏదో ఒకనాటికి దర్శకులవుదామని వచ్చిన అసిస్టెంట్లు, అందరూ అక్కడే. అయిదింటికే ప్రొడక్షన్ బళ్లు వచ్చి నిలబడతాయి. అందులో ఎక్కితే ఒకరోజు రామోజీ ఫిల్మ్ సిటీ, ఒకరోజు అన్నపూర్ణ, ఒకరోజు ఊరి చివర ఎక్కడో ఒక సెట్టు. సాయంత్రం ప్యాకప్ అయి గదికి చేరేసరికి తొమ్మిదో, పదో. ఒళ్లంతా నొప్పులు. పదిన్నరకు క్వార్టర్ మూత తిరుగుతుంది. పదకొండుకు ఖాళీ అవుతుంది. అయిదింటికి మళ్లీ బండి.

లెక్క వేయండి. పదకొండు గంటలకు 150. గంటకు 15 చొప్పున దిగితే తెల్లవారి అయిదింటికి ఇంకా 60 ఉంటుంది. చట్టం గీసిన గీతకు రెండింతలు! ఏడింటికి గానీ 30కి రాదు. తొమ్మిదింటికి గానీ సున్నా కాదు. ఆ మనిషి మొహం కడుక్కున్నాడు, టీ తాగాడు, దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు, స్టీరింగు ముందు కూర్చున్నాడు. తాను తాగి లేనని మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. అబద్ధం చెప్పడం లేదు. కానీ రక్తం వేరే మాట చెబుతోంది.

మా మామ పనిచేసిన ఒక షూటింగుకు మనుషుల్ని తీసుకెళ్లే వ్యాను ఒకటి, కొన్నేళ్ల క్రితం, పొద్దున్నే రోడ్డు పక్కనున్న ఇడ్లీ బండిని గుద్దింది. బండి దగ్గర నిలబడ్డ ఆమె కాలు విరిగింది. డ్రైవరు రాత్రి తాగాడని వ్యానులో అందరికీ తెలుసు. కానీ ఎవరూ అనుమానించలేదు. "రాత్రి తాగింది పొద్దున ఎక్కడుంటుంది?" అన్నారు. బ్రేకు సరిగా పడలేదని తేల్చారు. ఊదమని అడిగినవాళ్లు లేరు. కంపెనీ వాళ్లు ఆమె చేతిలో కొంత డబ్బు పెట్టి, డ్రైవర్ని మార్చి, మధ్యాహ్నానికి షూటింగు మొదలుపెట్టారు. ఆమె మళ్లీ బండి పెట్టడానికి ఏడాది పట్టింది. ఆ రోజు మీటరు ఉంటే ఎంత చూపేదో నాకు తెలియదు. ఆ ప్రశ్న ఎవరికీ రాకపోవడమే నన్ను బాధించింది.

మత్తు ముందు దేన్ని తింటుంది?

ఆల్కహాలు మెదడు మీద ఒక వరసలో పనిచేస్తుంది. 20 దగ్గరే ఒకేసారి రెండు పనులు చూసుకునే శక్తి తగ్గడం మొదలవుతుంది. బండి నడపడమంటేనే ఒకేసారి పది పనులు. 50 దగ్గర కదిలే వస్తువును కంటితో వెంబడించడం కష్టమవుతుంది. 80 దగ్గర వేగం మీద అదుపు సడలుతుంది. 100 దగ్గర బ్రేకు మీదికి కాలు ఆలస్యంగా వెళ్తుంది. 150 దగ్గర బండి మీద పట్టు బాగా పోతుంది. బోర్కెన్‌స్టైనే 1964లో గ్రాండ్ ర్యాపిడ్స్ అనే ఊళ్లో ప్రమాదాలు చేసిన వేలమంది డ్రైవర్లను, చేయని వేలమంది డ్రైవర్లతో పోల్చి చూశాడు. అంకె పెరిగేకొద్దీ ప్రమాదం మెట్లు మెట్లుగా కాకుండా ఎగిరెగిరి పెరుగుతుందని ఆ అధ్యయనం చూపింది. 150 దగ్గరకు వచ్చేసరికి అది సుమారు పాతిక రెట్లు.

ఈ వరసలో అన్నిటికంటే ముందు పోయేది ఏమిటో గమనించండి. కాళ్లు కాదు, మాట కాదు. వివేచన. "నేను ఇప్పుడు నడపగలనా, లేనా" అని తేల్చుకునే బుద్ధి. అంటే తనను తాను కొలుచుకునే తక్కెడనే మత్తు ముందు పాడు చేస్తుంది. పాడైన తక్కెడతో తూచి "నాకేం కాలేదురా" అంటాడు. పైగా బాగా అలవాటు ఉన్నవాడు తూలడు, మాట తడబడదు. చూసేవాళ్లు "వాడు ఎంత తాగినా స్టడీగా ఉంటాడు" అని మెచ్చుకుంటారు. అలవాటు తూలడాన్ని దాస్తుంది గానీ రక్తంలోని అంకెను తగ్గించదు. అందుకే బయటి మీటరు కావాలి.

మన కళ్లముందు జరిగినవి

2016 జులై 1న పంజాగుట్ట ప్రాంతంలో మద్యం తాగిన విద్యార్థుల కారు డివైడర్ దాటి అవతలివైపు వెళ్తున్న కారు మీద పడింది. బడికి వెళ్లే పాప, ఆమె బాబాయి, ఆ తర్వాత తాతయ్య, ఒకే ఇంట్లో ముగ్గురు పోయారు. కారులో ఉన్నవాళ్లు మన వయసు వాళ్లే. మన రాష్ట్రంలో ఇరవై ఒక్కేళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. ఆ నిబంధన సీసా మీద, బోర్డు మీద ఉంటుంది. కౌంటర్ దగ్గర ఉండదు.

2017 డిసెంబరు 31 రాత్రి జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45లో పోలీసులు ఆపిన ఒక ప్రముఖ టీవీ యాంకర్ కేసు మీకు గుర్తుండే ఉంటుంది. మీటరు 178 చూపింది. గీతకు దాదాపు ఆరింతలు. ఆయన కౌన్సెలింగుకు వెళ్లారు, కోర్టుకు హాజరయ్యారు, మూడేళ్లపాటు లైసెన్సు రద్దయింది, రెండు వేల వంద రూపాయల జరిమానా కట్టారు. ఆ రాత్రి ఎవరి ప్రాణమూ పోలేదు. పోకపోవడానికి కారణం మీటరు. కానీ మన చానళ్లు నెల రోజులపాటు ఆయన్ని గురించే మాట్లాడాయి, 178 గురించి మాట్లాడలేదు. ఆ అంకె సున్నా కావడానికి దాదాపు పన్నెండు గంటలు పడుతుందని, అంటే జనవరి ఒకటో తారీకు పొద్దున్న ఆఫీసులకు, గుళ్లకు బండ్ల మీద బయల్దేరిన చాలామంది రక్తం ఇంకా రాత్రిలోనే ఉందని ఒక్కరూ చెప్పలేదు.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు తగలబడి పందొమ్మిది మంది ప్రయాణికులు సజీవదహనమయ్యారు. అంతకు కొద్దిసేపటి ముందు ఒక మోటారుసైకిలు డివైడర్‌ను గుద్దుకుని రోడ్డు మీద పడి ఉంది. నడిపిన కుర్రవాడు అక్కడే చనిపోయాడు. బస్సు ఆ బండి మీదుగా వెళ్లి దాన్ని ఈడ్చుకుపోయింది, మంట లేచింది. బండి నడిపిన కుర్రవాడు మద్యం తాగి ఉన్నట్టు ఫోరెన్సిక్ పరీక్షలో తేలిందని పోలీసులు ప్రకటించారు. అంతటి ఘోరానికి మద్యం ఒక్కటే కారణమని నేను అనను. కానీ "నా ప్రాణం నా ఇష్టం, మధ్యలో నీకేంటి" అనేవాళ్లకు ఆ పందొమ్మిది మంది కుటుంబాలు జవాబు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ నివేదిక. అందులో మద్యం కారణంగా అని రాసింది రెండున్నర శాతం దాకానే. చూసినవాడు "ఇంతేనా" అనుకుంటాడు. కానీ ప్రమాదం జరిగిన ప్రతిచోటా రక్తం తీసి పరీక్ష చేస్తున్నారా? ఇడ్లీ బండి కేసులాగా "బ్రేకు పడలేదు", "అతివేగం", "అజాగ్రత్త" అని రాసిన కాగితాల వెనక ఎన్ని క్వార్టర్లు దాక్కున్నాయో! కొలవనిదాన్ని లేనిదిగా లెక్కవేయడం శాస్త్రం కాదు.

మీటరుకు అందనివి

ఇంతవరకు మీటరును మెచ్చుకున్నాను. దానికి అందని సంగతులు కూడా చెప్పాలి.

మొదటిది నిద్ర. 1997లో డాసన్, రీడ్ అనే శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో ఒక ఫలితం ప్రకటించారు. పదిహేడు గంటలు నిద్ర లేకుండా మేలుకున్న మనిషి పనితీరు 50 అంకె ఉన్నవాడితో సమానం. ఇరవై నాలుగు గంటలు మేలుకుంటే 100తో సమానం. చుక్క తాగకుండానే! రాత్రంతా షూటింగు జరిగి, తెల్లవారి యూనిట్‌ను కృష్ణానగర్‌లో దించే డ్రైవరు మీటరులో ఊదితే సున్నా వస్తుంది. చట్టం అతన్ని పంపిస్తుంది. అతన్ని అంతసేపు మేల్కొల్పి ఉంచినవాణ్ణి ఎవరూ ఆపరు. తాగినవాడు తన తప్పు మోస్తాడు. నిద్రలేనివాడు ఇంకొకరి తప్పు మోస్తాడు.

రెండోది ఎత్తు. మీటరు రోడ్డు మీదే ఉంటుంది. ముప్పై అడుగుల ఎత్తున లైటు కట్టేవాడి దగ్గర, కరెంటు తీగలు లాగేవాడి దగ్గర ఉండదు. అక్కడ జారితే అది వార్త కూడా కాదు.

మూడోది అమ్మకం. తెలంగాణలో మద్యం టోకు వ్యాపారం ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ చేతిలో ఉంది. వైన్ షాపుకు లైసెన్సు ఇచ్చేది ప్రభుత్వం, పక్కన పర్మిట్ రూముకు అనుమతి ఇచ్చేది ప్రభుత్వం. ఆ పర్మిట్ రూము ముందు బారులు తీరి నిలబడిన మోటారుసైకిళ్లు ఎవరివి? తాగినవాళ్లు నడిచి వెళ్తారని ఎవరైనా అనుకుంటున్నారా? అక్కడ పోయించి, అర కిలోమీటరు అవతల మీటరు పట్టుకుని నిలబడటం ఏం న్యాయం? మన రాజ్యాంగం 47వ అధికరణ మత్తు పానీయాల వాడకాన్ని అరికట్టడానికి రాజ్యం కృషి చేయాలని చెబుతోంది. అది ఆదేశిక సూత్రం మాత్రమే, కోర్టులో అడగలేం. కానీ అంబేడ్కర్ బొమ్మ గోడ మీద పెట్టుకున్న మనం సభలోనైనా అడగాలి కదా!

"పేదవాడికి పది వేల జరిమానా గోరుచుట్టు మీద రోకటిపోటు కాదా?" అని మా మామ స్నేహితులు నన్ను అడిగారు. నిజమే. నెలలో ఎన్ని కాల్షీట్లు దొరికితే ఆ పది వేలు చేతికొస్తాయో, దొరకని నెలలో ఏం తింటారో నాకు తెలుసు. కొండమీది బంగళాలో ఉన్నవాడికి డ్రైవరు ఉంటాడు, వెనక సీట్లో పడుకుని వెళ్లిపోతాడు. కొండకింది వాడికి తన బండి తనే నడుపుకోవాలి. కానీ దీనికి జవాబు గీతను చెరిపేయడం కాదు. ఎందుకంటే ఆ గీత చెరిపేస్తే ముందు చచ్చేది ఎవరు? ఫుట్‌పాత్ మీద నడిచేది, రోడ్డు పక్క బండి పెట్టుకునేది, స్కూటరు మీద ముగ్గురు వెళ్లేది, తెల్లారగట్ల రోడ్లు ఊడ్చేది మనవాళ్లే. పేదవాడి మీద జాలితో మీటరు పక్కన పెట్టేస్తే ఆ జాలి ఖరీదు మరో పేదవాడే కడతాడు.

మీటరు లేని రోజుల్లో మద్యాన్ని కొలిచినవాళ్లు మన అమ్మలు. కూలి డబ్బులో ఇంటికి ఎంత చేరిందో చూసి కొలిచారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో వయోజన విద్య తరగతుల్లో అక్షరాలు దిద్దుతూనే ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1992లో రోశమ్మ లాంటి వాళ్లు మొదలుపెట్టిన ఆ పోరాటం 1993లో రాష్ట్రమంతా సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో నిషేధం ఎత్తేశారు. నిషేధం నిలిచిందా లేదా అనేది వేరే చర్చ. నాలుగు అక్షరాలు వచ్చినందుకే వాళ్లు అంత చేశారు. పీజీ దాకా వచ్చిన మనం ఏం చేస్తున్నాం?

మనం చేయగలిగినవి

మొదటిది, లెక్క నేర్చుకోవడం, నేర్పడం. ఈ సెలవులకు ఊరెళ్లినప్పుడు మీ నాన్నకో, అన్నకో, ఆటో నడిపే బాబాయికో "తాగొద్దు" అని చెప్పకండి, వినరు. "నాన్నా, రాత్రి పదకొండుకు తాగితే పొద్దున ఏడింటిదాకా బండి తీయకూడదట" అని చెప్పండి. అంకె చెబితే వింటారు. కనీసం తగువు పెట్టుకోవడానికైనా లెక్క వేస్తారు.

రెండోది, మీటరు పొద్దున కూడా రావాలని అడగడం. చెకింగ్ అంటే శనివారం రాత్రి అనే అభిప్రాయం పోవాలి. స్కూలు బస్సులు, కంపెనీ క్యాబులు, షూటింగు వ్యానులు బయల్దేరే ముందే డ్రైవరు ఊదాలి. చిన్న మీటరు ఖరీదు ఒక సినిమా సెట్టు మీద ఒకరోజు టిఫిన్ల ఖర్చు ముందు ఎంత? యజమానులు కొనాలి. యూనియన్లు అడగాలి. అంకె ఎక్కువ వచ్చినవాణ్ణి పనిలోంచి తీసేయకూడదు. ఆ పూట స్టీరింగు మాత్రమే తీసేయాలి. భయం లేకపోతేనే నిజం ఊదుతాడు.

మూడోది, షూటింగు డ్రైవరుకు నిద్ర గంటలు. రాత్రి పనిచేసినవాడికి పొద్దున బండి ఇవ్వకూడదు. ఇది దయ కాదు, భద్రత.

నాలుగోది మన సొంత విషయం. 185 సెక్షన్ కింద కోర్టు శిక్ష వేస్తే అది కాగితం మీద నేరమే. రేపు ప్రభుత్వోద్యోగం వచ్చినప్పుడు నింపే ఫారంలో, ఎప్పుడైనా శిక్ష పడిందా అనే గడి ఉంటుంది. తరతరాల తర్వాత మన ఇంటికి ఒక ఉద్యోగం వచ్చే దారిలో ఆ గడి ఒక ముల్లు. మిగతావాళ్లకు తండ్రి ఉంటాడు, లాయరు ఉంటాడు, తెలిసినవాళ్లుంటారు. మనకు మన సర్టిఫికెట్లు తప్ప ఎవరున్నారు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల!

తాగి బండి ఎక్కబోయే స్నేహితుడి చేతిలోంచి తాళం తీసుకుంటే ఆ రాత్రికి తిడతాడు. తిట్టనివ్వండి. ఆ సమయంలో మాట్లాడేది అతను కాదు, 150. పొద్దున మాట్లాడేది మీ స్నేహితుడు. అలా తాళం తీసుకునేవాడు ప్రతి గదికీ ఒకడు ఉంటే చాలు. చట్టం చేతిలో ఉన్న మీటర్లు లెక్కపెట్టగలిగినన్నే. మన హాస్టళ్లలో గదులు మాత్రం వేలు.